పన్ను తగ్గితే మేలు ఎవరికి?

పట్టా అందుకుని, త్వరలో జీతం కూడా తీసుకోబోయే యువతీయువకులారా, మీతో ఆదాయపు పన్ను గురించి మాట్లాడాలనుకుంటున్నాను. కువైట్‌లో జీతం మీద పన్ను లేదు కాబట్టి ఆ మేలు అందరికీ సమానమనుకుంటాం. లెక్క వేసి చూడండి. ఇక్కడ ప్రైవేటు రంగంలో కనీస వేతనం నెలకు 75 దినార్లు. దినారుకు 280 రూపాయలు అనుకుంటే ఏడాదికి సుమారు రెండున్నర లక్షలు. అంత ఆదాయానికి ఇండియాలోనూ పన్ను పడదు. నెలకు 1,000 దినార్లు వచ్చే ఇంజనీరు అదే జీతం మీద అక్కడైతే ఏడాదికి దాదాపు 6 లక్షలు కట్టాలి. పన్ను లేనందువల్ల ఇంజనీరుకు ఏటా ఆ ఆరు లక్షలూ మిగులుతున్నాయి. రాయచోటి నుంచో రాజంపేట నుంచో వచ్చి ఇక్కడి మంగఫ్‌లో ఇరుకు గదిని పదిమందితో పంచుకునే కార్మికుడికి అదనంగా మిగిలేది ఏమీ లేదు.

స్వదేశంలోనూ ఇదే తీరు. 2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు. 12 లక్షలు సంపాదించేవారికి 80 వేలు, 24 లక్షలవారికి 1,10,000 రూపాయలు మిగిలాయి. ఆదాయంలో వంతుగా చూస్తే 12 లక్షలవారికే ఎక్కువ మేలు జరిగింది, అది ఒప్పుకోవాలి. కానీ అసలు పన్ను పరిధిలోకే రాని కూలీకి, కౌలు రైతుకు పైసా కూడా దక్కలేదు. పన్ను కట్టేవారికే తగ్గింపు దక్కడంలో తప్పేముందని అడగవచ్చు. తప్పు లేదు. అయితే ఖజానా వదులుకున్న సుమారు లక్ష కోట్లు అందరివీ. మిగిలిన డబ్బు ఖర్చయి ఉపాధి పెరుగుతుందనే వాదనలోనూ కొంత నిజముంది. కాకపోతే చాలీచాలని ఇంట్లో అందిన రూపాయి వెంటనే అంగడికి చేరుతుంది, కలిగిన ఇంట్లో చాలావరకు బ్యాంకుకు చేరుతుంది. అదే సరుకుల మీద పన్ను సంగతి వేరు: 2025 సెప్టెంబరు 22న సబ్బు, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ధరలో ఆ మేరకు తగ్గిస్తే, ఆ ఊరట పేదింటికీ చేరుతుంది.

మీలో కొందరు రేపు జీతాలు నిర్ణయించే కుర్చీలో కూర్చుంటారు. పన్ను లేదు కదా, ఈ జీతం చాలులే అనే మాట అక్కడ వినిపిస్తుంది. ఆ మాట కింది ఉద్యోగికి వర్తించదని అంకెలతో చూపించండి. అతని ఊరట పన్నులో లేదు, సరిపడా వేతనంలో ఉంది, అది నెలనెలా సమయానికి అందడంలో ఉంది. అది మీ సంతకంతో జరగాలని కోరుకుంటున్నాను.