రైలు మనది, లాభం వాళ్లదా?



పొద్దుగాల మహబూబ్‌నగర్ టేషన్‌ల గాని, నల్లగొండ టేషన్‌ల గాని నిలబడి చూస్తే మన బతుకు కనబడతది. పట్నం పోయే చిన్న ఉద్యోగులు, కాలేజి పిల్లలు, కూలికి పోయేటోళ్లు. రైలును ప్రైవేటోళ్లకు ఇస్తమని ఎవరన్నా అంటే మనం ముందుగాల అడగాల్సింది ఒక్కటే: ఆ బండిల వీళ్లకు చోటుంటదా?

2020 జూలై 1న కేంద్రం టెండరు పిలిచింది. దేశాన్ని 12 క్లస్టర్లు చేసి, 109 జతల రూట్లల 151 ప్రైవేటు రైళ్లు నడిపిస్తమన్నది. అందుల సికింద్రాబాద్ ఒక క్లస్టర్. ఒప్పందం 35 ఏండ్లు. పట్టాలు మనయి, సిగ్నళ్లు మనయి, డ్రైవరు, గార్డు రైల్వేవాళ్లే. టికెట్టు ధర మాత్రం కంపెనీ ఇష్టం! పైగా ప్రైవేటు బండి బయలుదేరే టైముకు గంట లోపల అదే రూట్ల అసొంటి ఇంకో బండిని నడపొద్దని షరతు.

బీబీనగర్–నడికుడి లైను అప్పటికి ఒంటి లైనే. ఒక బండి పోవాలంటే ఇంకోటి ఆగాలె. ఎక్కువ పైసలొచ్చే బండికి దారిస్తే ఆగేది ఎవరి బండి? మిర్యాలగూడ ప్యాసింజరే గదా!

ఇది కొత్త కత కాదు. 1883ల లండన్‌ల పెట్టిన నిజాం రైల్వే కంపెనీ పేరుల్నే ‘గ్యారంటీ’ ఉన్నది. బండికి లాభమొచ్చినా రాకున్నా వాటాదారుల వడ్డీకి హైదరాబాద్ ఖజానాదే హామీ. ఆ ఖజానా నిండింది రైతు శిస్తుతోటి. చాందా రైల్వే ఒప్పందం మీద ప్రశ్నించినందుకు అదే ఏడు అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి ఎల్లగొట్టిన్రు. ఆఖరికి 1930ల నిజాం సర్కారే ఆ రైల్వేను కొనుక్కున్నది.

బ్రిటన్‌ల 1990ల నుంచి ప్రైవేటు ఫ్రాంచైజీలు నడిపిన్రు. ఈస్ట్ కోస్ట్ లైన్‌ను 2009ల ఒకపారి, 2018ల ఇంకోపారి సర్కారే మీదేసుకోవలసి వచ్చింది. 2024ల ఫ్రాంచైజీ ప్యాసింజర్ రైళ్లు ప్రభుత్వానికే అని చట్టం చేసిన్రు.

మన దగ్గర 2021 జూలైల బిడ్లు విప్పితే వచ్చినయి రెండే: సర్కారీ ఐఆర్‌సీటీసీ, ఇంకోటి మేఘా. తర్వాత టెండరు రద్దయింది. గెలిచినమని సంబురపడొద్దు. నష్టం తమ మీద పడుతదంటే కంపెనీలు ఎనుకాడుతయి. రేపు ఆ నష్టాన్ని ఖజానా మీదేసి మల్ల పిలిస్తే ఉరుక్కుంట వస్తయి.

అట్లని రైల్వేను మనం నెత్తిన పెట్టుకుంటలేం. 1997–98ల మంజూరైన మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైను మన దిక్కు కృష్ణ దాకా పూర్తయ్యేసరికి 2023 అయింది. గద్వాల–మాచర్ల లైను కోసం దశాబ్దాలుగా అడుగుతనే ఉన్నం. కరోనా కాలంల కనీస చార్జి 10 రూపాయల నుంచి 30 చేసి, 2024 ఫిబ్రవరి దాకా గుంజిన్రు. సర్కారు బండి కూడా కొట్లాడితేనే మనదైతది.

అందుకే మన డిమాండ్లు మూడు. పొద్దుగాల, మాపటీలి ప్యాసింజర్ బండ్ల టైము ఎవరి కోసమూ మార్చొద్దు. సీజన్ టికెట్టును ముట్టొద్దు. రేపు ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు తెలుగుల అచ్చేసి జనం ముందట పెట్టాలె.

2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. రైలు ఢిల్లీ చేతిలనే ఉన్నది. కొట్లాట ఇంకా ఒడువలేదు.

జై తెలంగాణ!