కొత్త ఫోన్‌లో మొదట మార్చవలసినది భాష

కొత్త స్మార్ట్‌ఫోన్ తెర ఎంత వెలగాలో, గంట ఎంత గట్టిగా మోగాలో, అక్షరం ఎంత పెద్దగా కనిపించాలో తయారీదారే ముందుగా నిర్ణయించి పంపుతాడు. ఆ నిర్ణయాలను కొన్నవారు తమకు వీలుగా మార్చుకొనే చోటును సెట్టింగ్స్ అంటారు. అక్కడ వేలు పెడితే ఫోన్ పాడవుతుందన్న భయం గురజాలలోని ఈ సభలోనూ కొందరికి ఉండవచ్చు గాని, అది నిరాధారమైనది. అక్కడ మార్చిన దాన్ని మళ్లీ వెనక్కి మార్చుకోవచ్చు, సమస్తం చెరిపివేసే రీసెట్‌కు ముందు ఫోన్ తప్పక హెచ్చరిస్తుంది.

అయితే ఆ హెచ్చరిక చదివేవారికి తెలిసిన భాషలో ఉండాలి, అందుకే మొదట మార్చవలసినది భాష. సెట్టింగ్స్‌లోని భాషల జాబితాలో తెలుగును చేర్చి పైకి తెస్తే చాలు. తెలుగు పెడితే ఫోన్ ఆగిపోతుందన్న మాట మాత్రం ఇకనైనా ఆగాలి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేసిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. నిజానికి ‘జ్ఞా’ అని మామూలుగా రాస్తే ఏ ఫోనూ ఆగలేదు. జకారం, పొల్లు, ఞకారం, ఆ తరువాత కంటికి కనిపించని ఒక విభజన సంకేతం, చివర దీర్ఘం అనే వరుస వచ్చినప్పుడే, అక్షరాలను కూర్చి తెరపై గీసే ఐఫోన్ ప్రోగ్రాము తడబడింది. బెంగాలీ లిపిలోనూ ఇటువంటి వరుసలు ఇదే పని చేశాయి, ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు, ఫిబ్రవరి 19న యాపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఐఓఎస్ 11.2.6 అనే కొత్త కూర్పు విడుదల చేసి దోషాన్ని సరిదిద్దింది. తప్పు ప్రోగ్రాముదైతే నింద లిపి మీద పడింది. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే, అంటే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించిన ప్రపంచ పట్టికలోనే, స్థానం పొందిన తెలుగుకు ఈ నింద అన్యాయం.

భాష గురించిన అపోహ వంటివే బ్యాటరీ గురించీ ఉన్నాయి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నింపాలన్న నమ్మకం పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. నేటి లిథియం-అయాన్ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. వేసవి ఎండల వార్తల్లో తరచు వినిపించే రెంటచింతల పొరుగున ఉన్న గురజాలలో ఫోన్‌ను ఎండలోనో, దిండు కిందనో ఉంచి ఛార్జింగ్ పెట్టడమే ప్రమాదం. వాడిన యాప్‌లను పదేపదే తోసివేస్తే ఛార్జింగ్ ఆదా అవుతుందన్నదీ తప్పే, ఎందుకంటే వాటిని మళ్లీ మొదటి నుంచి తెరవడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.

ఇక పర్మిషన్లు, అంటే యాప్‌లు కెమెరా, మైకు, పరిచయస్తుల నంబర్లు వాడుకోవడానికి అడిగే అనుమతులు: టార్చ్ యాప్‌కు నంబర్లతో పని లేదు గనుక నిరాకరించాలి. సిమ్‌కు పిన్ పెట్టుకోవచ్చు గాని, మూడుసార్లు తప్పుగా కొడితే పీయూకే అనే మరో సంకేతం అడుగుతుంది, దాన్ని పదిసార్లు తప్పు కొడితే సిమ్ శాశ్వతంగా పనికిరాకుండా పోతుంది.

ఆపదలో 112కు కాల్ వెళ్లే ఏర్పాటు 2017 నుంచి దేశంలో అమ్మే కొత్త ఫోన్లకు తప్పనిసరైంది; స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కడం నియమం చూపిన ఒక మార్గం. కొన్ని ఫోన్లలో అయిదుసార్లు నొక్కాలి కనుక, తమ ఫోన్‌లో ఎన్నిసార్లో అత్యవసర సెట్టింగ్స్ తెరిచి ఇంట్లో అందరూ ముందే చూసుకోవాలి.