ఇద్దరు వెంకటమ్మలు
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేము కంప్యూటర్ చదువు చదివినవాళ్లం కాము. బెంగళూరులో వీధులూడ్చే మన తెలుగు కుటుంబాల మధ్య పనిచేస్తూ, అవసరం కొద్దీ డేటాబేస్ నేర్చుకున్నాం. ఎక్కడ తడబడ్డామో చెప్తాం. మీ ఊళ్లో మొదలుపెట్టేటప్పుడు పనికొస్తుంది.

మొదట నోటు పుస్తకాలుండేవి. వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించాం. మనిషికో వరుస. పిల్లలకని మూడు గడులు పెట్టాం. ఐదుగురు పిల్లలున్న ఇల్లు రాగానే మిగతా ఇద్దరినీ ఎక్కడ రాయాలో తెలియలేదు. పీఎఫ్‌కు ఇచ్చే యూఏఎన్ నంబరు 12 అంకెలది. దాన్ని కొడితే కుదించేసి, మధ్యలో 'ఈ' అక్షరం పెట్టి చూపించింది. కూడికలు, తీసివేతలు చేయని నంబర్లను అక్షరాల గడిలోనే రాయాలని అప్పుడు తెలిసింది.

అసలు తప్పు వేరే. పీఎఫ్ కోత గురించి అర్జీ పెట్టే ముందు, రెండుసార్లు పడ్డ పేర్లు తీసేద్దామని కూర్చున్నాం. వెంకటమ్మ అని రెండు వరుసలు. భర్త పేరు ఒకటే, వీధి ఒకటే. ఒకటి కొట్టేశాం. తీరా చూస్తే వాళ్లు వేర్వేరు మనుషులు. రెండో వెంకటమ్మ వచ్చి, "అందరి పేర్లూ ఉన్నాయి, నాదేదయ్యా? నేను ఊడవలేదా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఆమె కోసం మళ్లీ విడిగా అర్జీ పెట్టాం. ఇంకోవైపు, రెండు కాగితాల్లో పేరు రెండు రకాలుగా ఉన్న ఒకే ఎల్లమ్మ మా లెక్కలో ఇద్దరైంది.

ఆ తర్వాత లిబ్రేఆఫీస్ బేస్ పట్టుకున్నాం. డబ్బు కట్టక్కర్లేదు. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ చెప్పిన పద్ధతే దీనికీ పునాది: సమాచారాన్ని పట్టికలుగా విడదీసి, వాటిని కలిపే గుర్తు పెట్టుకోవడం. ఆ గుర్తే ప్రైమరీ కీ. మనిషికో నంబరు, ఒకరిది ఇంకొకరికి ఇవ్వకూడదు. పేరు మారినా, ఇల్లు మారినా నంబరు మారదు.

ఇప్పుడు మాకు మూడు పట్టికలు. ఒకటి మనుషులు. రెండోది పిల్లలు. మూడోది పని: ఏ కాంట్రాక్టరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, పీఎఫ్ ఎంత కోశారు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కొత్త వరుస. అన్నిటిలోనూ ఆ మనిషి నంబరు ఉంటుంది. "ఐదేళ్లుగా పనిచేస్తూ యూఏఎన్ లేనివాళ్లెవరు?" అని క్వెరీ వేస్తే జాబితా వస్తుంది.

కాని సున్నా వేరు, ఖాళీ వేరు. కోత సున్నా అంటే అడిగాం, కోయలేదన్నారు. ఖాళీ అంటే మనం అడగనే లేదు. సున్నాలు చూపమంటే ఖాళీలు రావు. వాటిని విడిగా అడగాలి. మేము మొదట ఖాళీలన్నిటికీ సున్నా కొట్టేశాం. అంటే అడగనివాళ్ల తరఫున మేమే సాక్ష్యం చెప్పేశామన్నమాట. మళ్లీ ఇల్లిల్లూ తిరగాల్సొచ్చింది.

చివరిగా ఒక జాగ్రత్త. మొదట మా పట్టికలో కులం, మతం గడులుండేవి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. అలాంటప్పుడు ఆ రెండు గడులూ పక్కపక్కన ఉన్న ఫైలు చేతులు మారితే ఎవరి సర్టిఫికెట్టు మీదికి వస్తుందో ఆలోచించండి. పీఎఫ్ అర్జీకి ఆ రెండూ అక్కర్లేదు. అందుకే తీసేశాం. పాత కాపీలు కూడా చెరిపేశాం. పని కోసం కావలసిందే అడగండి. ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టండి, వారానికోసారి ఇంకో చోట దాచండి.

ఈ సాయంత్రం మీ వీధిలోని పది ఇళ్లతో మొదలుపెట్టండి. రాసింది వాళ్లకు చదివి వినిపించండి. తప్పులు వాళ్లే పట్టుకుంటారు. మా రెండో వెంకటమ్మ ఇప్పుడు చేస్తున్న పని అదే.