నాలుగు నోళ్ల నీరు

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో, ఆ డాక్టరుగారు బతుకంతా రోగి మంచం పక్కనే గడిపారు. అందుకని ఈ సాయంత్రం, నీరు రోగాలు పోగొడుతుందని నమ్మిన కంబోడియాలోని ఒక చిన్న గుడి గురించి చెబుతాను. ఆంకోర్ వాట్ చూసొచ్చే మనవాళ్లలో చాలామంది అక్కడ ఆగరు.

దాని పేరు నీక్ పోన్. ఖ్మేర్ భాషలో పెనవేసుకున్న నాగులని అర్థం. గుండ్రటి అరుగును చుట్టుకున్న రెండు పాములకు పడమట తోకలు ముడిపడి, తూర్పున తలలు విడివడి ఉంటాయి. 12వ శతాబ్ది చివర ఖ్మేర్ రాజు ఏడో జయవర్మ తవ్వించిన జయతటాకం నడుమ దీవి ఇది. ఆ చెరువు మూడున్నర కిలోమీటర్ల పొడవు, 900 మీటర్ల వెడల్పు. హిమాలయాల్లో ఉందని బౌద్ధులు నమ్మే అనవతప్త సరస్సుకు ఇది ప్రతిరూపమంటారు.

అరుగు చుట్టూ 70 మీటర్ల చదరపు కోనేరు, దానికి నాలుగు దిక్కులా నాలుగు చిన్న కోనేర్లు. పెద్ద కోనేటి నీరు రాతి తలల నోళ్లలోంచి చిన్నవాటిలో పడేది: ఉత్తరాన ఏనుగు, పడమట గుర్రం, దక్షిణాన సింహం, తూర్పున మనిషి. ఒక్కో నోటి కింద కూర్చుని తడిసేందుకు చిన్న గది కట్టారు. నాకు ఈ గుడిలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఆ గదే. నడవలేనివాణ్ణి ఎవరో పట్టుకుని తెచ్చి అక్కడ కూర్చోబెట్టి ఉంటారని ఊహించుకుంటాను.

పెద్ద కోనేట్లో ఒక రాతి గుర్రం ఉంది. దాని ఒంటిని, తోకను పట్టుకుని మనుషులు వేలాడుతుంటారు. రాక్షసుల దీవిలో చిక్కుకున్న సింహళుడనే వర్తకుణ్ణి, అతని తోటివారిని రక్షించడానికి బోధిసత్త్వుడైన అవలోకితేశ్వరుడు బలాహమనే గుర్రమై వచ్చాడని కథ.

దీన్ని మహిమగల నీటి గుడి అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. చెరువు తవ్వించిన జయవర్మే రాజ్యమంతటా 102 ఆరోగ్యశాలలు నడిపినట్టు 1186 నాటి, ఆంకోర్‌లోని తా ప్రోమ్ గుడి శాసనం చెబుతోంది. ఆరోగ్యశాలల శాసనాలు లావోస్‌లోనూ, ఈశాన్య థాయ్‌లాండ్‌లోనూ దొరికాయి. వాటిలో వ్యాధులు నయం చేసే భైషజ్యగురు బుద్ధుడికి నమస్కారం ఉంది. వైద్యుల లెక్క ఉంది. మందుల పట్టీలో తేనె, మిరియాలు, కర్పూరం ఉన్నాయి. నాలుగు వర్ణాలవారికీ ఇక్కడ వైద్యం చెయ్యవచ్చన్న మాట కూడా ఉంది. ఆ మాటను రాతి మీద చెక్కించిన చెయ్యి నాకు గొప్పది. మన మల్కాపురం శాసనంలో, 1261లో, కాకతీయుల కాలపు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కనిపిస్తాయి. అంత దూరంలోనూ పేరు అదే.

నీక్ పోన్ అరుగు మీది గర్భగుడిని కప్పేసిన మహావృక్షం 1935లో కూలింది. తరవాత ఫ్రెంచి పురాతత్వవేత్తలు రాయి రాయీ పేర్చి గుడిని నిలబెట్టారు. ఇప్పుడు కొయ్య వంతెన మీదుగా వెళ్లి, గట్టున నిలబడి చూడాలి. వానాకాలంలో వెళ్లండి. కోనేరు నిండి, నాగుల అరుగు మెట్లు మునిగి, గుర్రం నీళ్లలో ఈదుతున్నట్టే ఉంటుంది.