కొయ్య వసారాల పూటకూళ్ళ ఇల్లు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వంటా వార్పూ ముగించి కాస్త నడుం వాల్చే వేళ, ఇంగ్లండులోని ఒక పాత పూటకూళ్ళ ఇంటి సంగతి చెబుతానంటే 'అదెందుకమ్మా మనకు?' అనుకుంటున్నారేమో! కొంచెం ఓపిక పట్టండి. ఇల్లు కనిపెట్టుకుని ఉండటమంటే ఏమిటో తెలిసిన మనకే ఈ కథ బాగా బోధపడుతుంది.

లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున సదర్క్ అనే పేట ఉంది. 1750లో వెస్ట్‌మినిస్టర్ వంతెన తెరిచేదాకా, అక్కణ్ణించి నగరంలోకి పోవడానికి లండన్ బ్రిడ్జి ఒక్కటే వంతెన. రాత్రిళ్ళు దాని తలుపులు మూసేసేవారు. మరి పొద్దుపోయి వచ్చిన బాటసారి ఎక్కడ తల దాచుకోవాలి? అందుకే వంతెనకు పోయే వీధి పొడుగునా పూటకూళ్ళ ఇళ్ళు వెలిశాయి. ఛాసర్ మహాకవి తన కథల్లోని యాత్రికులను బయలుదేరదీసిన 'టాబర్డ్' అక్కడిదే. దాని పక్కదే నేను చెప్పబోయే 'జార్జ్'.

1676లో పేటంతా అంటుకుంది. ఈ రెండు ఇళ్ళూ కాలిపోయాయి. మరుసటి ఏడే, 1677లో, జార్జ్‌ను పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టారు. మన మండువా లోగిలి తలుచుకోండి. మధ్య ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ ఇల్లు. కాకపోతే ఆ వాకిట్లోకి గుర్రపు బళ్ళు నేరుగా వచ్చి ఆగేవి. కింద తినే గదులు, మేడ మీద పడక గదులు. గదుల ముందు పొడుగాటి కొయ్య వసారాలు, వాటికి కటకటాలు. పూర్వం ఇలాంటి వాకిళ్ళలో నాటకాలు కూడా ఆడేవారు. డబ్బున్నవారు వసారాల్లో, లేనివారు కింద నిలబడి చూసేవారు.

ఇంగ్లండులో ఈ కొయ్య ఇళ్ళు కట్టే తీరు ముచ్చటైనది. ఓక్ చెట్టును కొట్టి, పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఎండితే ఉలికి లొంగదు. ఒక దూలం చివర నాలుకలా చెక్కి, రెండో దూలంలో తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా కొయ్యసీల కొట్టేవారు. ఇనుప మేకుల పని తక్కువ. ముందు నేల మీద అంతా అమర్చి చూసుకుని, ఏది ఎక్కడిదో గుర్తులు గీసి, విప్పి తీసుకుపోయి నిలబెట్టేవారు. దూలాల మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తేవారు. పేడ మాట వినగానే నవ్వొచ్చిందా? మన పల్లెటూరి తడిక గోడ ఆ దేశంలోనూ ఉందన్నమాట! ఈ కట్టడంలో ఒక సుగుణముంది. ఒక కొయ్య పుచ్చితే ఇల్లంతా పడగొట్టనక్కర్లేదు. ఆ ముక్క వరకు తీసి కొత్తది అతకవచ్చు.

అయితే మంటను తట్టుకుని మళ్ళీ లేచిన ఇల్లు రైలును తట్టుకోలేకపోయింది. 1836లో దగ్గర్లోనే లండన్ బ్రిడ్జి స్టేషను వచ్చింది. రైళ్ళు పెరిగినకొద్దీ గుర్రపు బళ్ళకు బేరాలు పోయాయి, బళ్ళతోపాటు పూటకూళ్ళ ఇళ్ళకూ పోయాయి. 1873లో టాబర్డ్‌ను పడగొట్టారు. జార్జ్ ఒక రైలు కంపెనీ చేతికి పోయింది. వాళ్ళు గిడ్డంగుల కోసం 1889లో రెండు పక్కలు కూల్చేశారు. మిగిలింది దక్షిణపు పక్క ఒక్కటే. వాకిలి నాలుగు వైపులా ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు గ్లాస్టర్ పట్నం పోవాలి. అక్కడ సుమారు 1450లో ఒక మఠం వారు యాత్రికుల కోసం కట్టించిన 'న్యూ ఇన్' వాకిలీ వసారాలూ చెడకుండా ఉంది.

ఇక ఒక స్త్రీ సంగతి చెప్పాలి. ఆమె పేరు ఆక్టేవియా హిల్. 1865 నుంచి లండన్‌లో పేదలుండే పాడుబడ్డ ఇళ్ళను తీసుకుని బాగుచేయించింది. అద్దె వసూలుకు ఆడవారినే పంపేది. వాళ్ళు వారం వారం గడప తొక్కి, ఎక్కడ కారుతోందో ఎక్కడ కూలుతోందో చూసి వచ్చేవారు. మిగిలిన డబ్బు మరమ్మతులకే. 1887లో ఈ సదర్క్‌లోనే పేదల కోసం ఒక తోట కూడా వేయించింది. పాత కట్టడాలనూ అందమైన నేలనూ అందరి తరఫునా కాపాడాలని 1895లో మరో ఇద్దరితో కలిసి నేషనల్ ట్రస్టు స్థాపించింది. ఆమె 1912లో పోయింది. 1937లో అప్పటి రైలు కంపెనీ జార్జ్‌ను ఆ సంస్థకే అప్పగించింది.

ఇప్పుడు లండన్ మొత్తం మీద వసారాలతో మిగిలిన పాత పూటకూళ్ళ ఇల్లు అదొక్కటే. దాన్ని అద్దాల పెట్టెలో బొమ్మలా ఉంచలేదు. వసారాల కొయ్యలు అక్కడక్కడ వంగినా, నేటికీ జనం వచ్చి తింటూ తాగుతూ ఉంటారు. మనుషులు మసిలే ఇంట్లో ఎక్కడ చెమ్మ ఊరిందీ, ఎక్కడ చెద పట్టిందీ ఎవరో ఒకరి కంట పడుతుంది. తాళం వేసిన ఇంట్లో ఎవరు చూస్తారు?

కూలిన ఆ రెండు పక్కలూ మళ్ళీ రావు. ఉన్న పక్క మాత్రం సుమారు మూడున్నర శతాబ్దాలుగా నిలిచింది. ఈసారి వాన పడ్డప్పుడు దూలం మీద తడి మరక కనిపిస్తే, 'వచ్చే ఏడు చూద్దాంలే' అనకండి. ఆ రోజే నిచ్చెన వేయించండి.