అభిప్రాయానికి ఆధారం కావాలి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు కేటాయించారు. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటె బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను అజెండాలోని చివరి అంశానికే పరిమితమవుతాను. నెలకొక ఆదివారం సాయంత్రం మన సంఘం గదిలో ఒక గంట కూర్చుని, చదివిన పుస్తకాన్ని గురించో విన్న పాటను గురించో సభ్యులు తమ అభిప్రాయం చెప్పుకోవాలన్నది నా ప్రతిపాదన. దీనికి కార్యవర్గంలో రెండు అభ్యంతరాలు వచ్చాయి. విమర్శ పండితుల పని, గుమాస్తాలకు ఎందుకన్నది మొదటిది. ఈ వయసులో పుస్తకాల మీద, పాటల మీద వాదులాడుకుంటే ఉన్న స్నేహాలు కాస్తా చెడతాయన్నది రెండవది. రెండూ తీసిపారేయదగినవి కావు. అందుకే ఒక్కొక్కదానికి సమాధానం చెప్పుకుంటాను.

ముందుగా పండితుల మాట. 1970 దశకంలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో వాకాడు వైపు సముద్రతీర గ్రామాలకు తరచు క్యాంపు పడేది. సాయంత్రం పంచాయతీ రేడియో పెట్టేవారు. వేట నుంచి వచ్చినవాళ్ళు అరుగు మీద చేరి వినేవారు. ఒకనాడు రేడియోలో పల్లెకారుల పాటంటూ ఒక సినిమా పాట వచ్చింది. నాకు ఎంతో బాగుందనిపించింది. పక్కనున్న ఒక ముసలాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఏం పెద్దాయనా, బాగాలేదా అని అడిగాను. ఆయన, "గొంతు బాగుండాది సామీ. అయితే ఇది వల లాగే పాట కాదు. అలివి వల లాగేటప్పుడు అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకోవాల, ఒక్కసారి లాగాల. పాటలో ఆ ఊపిరికి చోటుండాల. దీంట్లో యాడుండాది?" అన్నాడు.

ఆయనకు అక్షరం ముక్క రాదు. కాని ఆ నాలుగు మాటల్లో విమర్శకు కావలసినవన్నీ ఉన్నాయి. మెచ్చుకోవలసినదాన్ని ముందు మెచ్చుకున్నాడు. లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. ఎందుకు లోపమో తన పనిలోంచి ఆధారం చూపించాడు. ఆ తరువాత అలాంటి పాట ఎప్పుడు విన్నా నా చెవి ఆ ఊపిరి చోటు కోసం వెదుకుతూనే ఉంది. ఒక మనిషి చెప్పిన అభిప్రాయం వల్ల ఇంకొక మనిషికి వినడం తెలిసిరావడమంటే ఇదే.

ఇక గుమాస్తాల సంగతి. మనకు సమీక్ష రాయడం కొత్తా? ముప్పై అయిదేళ్ళు మనం చేసిందేమిటి? నోట్‌ఫైలు రాశాం. ఫైలు ఎలా పెట్టేవాళ్ళమో గుర్తు చేసుకోండి. వచ్చిన కాగితం సారాంశం ముందు రాస్తాం. అందులో లేనిది ఉన్నట్లు రాయం. ఆ విషయం మీద వెనుకటి ఉత్తర్వులేమున్నాయో చూపిస్తాం. పేజీ నంబరు మార్జినులో వేస్తాం. ఆ తరువాతే మన అభిప్రాయం రాసి, ఇనీషియల్ వేసి, పైకి పంపుతాం. ఉత్తర్వు వేయడం మన పని కాదు. పై అధికారి మన నోట్‌తో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. అంతమాత్రాన మనం అలిగేవాళ్ళం కాదు. కాని ఏ ఆధారమూ లేకుండా "మంజూరు చేయవచ్చు" అని ఒక్క ముక్క రాసి పంపితే ఆ ఫైలు మాట్లాడమన్న చీటీతో మళ్ళీ మన బల్ల మీదికే వచ్చేది.

పుస్తక సమీక్ష కూడా అటువంటి నోటేనని నా ఉద్దేశం. పుస్తకంలో ఏముందో ఉన్నదున్నట్లు చెప్పాలి. రచయిత వెనుకటి పుస్తకాలు చదివి ఉంటే వాటితో పోల్చాలి. ఏ ఘట్టం నచ్చిందో, ఏది నచ్చలేదో చోటు చూపించాలి. ఇది నా మాట అని ఇనీషియల్ వేయాలి. ఉత్తర్వు మాత్రం పాఠకుడిది. ఈ రోజుల్లో పుస్తకానికీ, సినిమాకీ, హోటల్లో దోసెకీ కూడా ఫోనులో చుక్కలు పెడుతున్నారు. అయిదుకు మూడు చుక్కలని పెడితే ఆ తగ్గిన రెండు చుక్కలు ఎందుకు తగ్గాయో ఎవరికి తెలుస్తుంది? ఇంకొకరు పంపిన పొగడ్తను మనం మరొకరికి పంపించడం అసలు అభిప్రాయమే కాదు. అది తపాలా బట్వాడా.

మన జిల్లాలో ఈ సంప్రదాయానికి కొదవ లేదు. నెల్లూరి నుంచి వెలువడే "జమీన్ రైతు" వారపత్రిక పేరును బట్టే రైతు సమస్యల పత్రిక. అయినా దాని సినిమా సమీక్షల కోసమే పత్రిక కొన్నవాళ్ళు మనలో ఉన్నారు. హీరో ఎవరన్నది చూడకుండా బాగున్నదాన్ని బాగుందని, లేనిదాన్ని లేదని రాసేవారు. ఆ సమీక్ష చదివి సినిమాకు వెళ్ళి, వచ్చి, సమీక్షకుడితోనే మనసులో తగవు పెట్టుకునేవాళ్ళం. పురమందిరంలో, వర్ధమాన సమాజం వారి సభల్లో తిక్కన మీద ఉపన్యాసాలు విని, ట్రంకు రోడ్డు వెంట నడుస్తూ ఇంటికి చేరేదాకా తర్కించుకున్న జతలు ఎన్ని లేవు? ఆ జతల్లో పండితులు తక్కువ. టీచర్లు, గుమాస్తాలు, కొట్లలో పద్దులు రాసేవాళ్ళే ఎక్కువ.

ఇక రెండవ అభ్యంతరం. వాదులాటలు వస్తాయన్న మాట నిజమే. తెలుగులో పుస్తక విమర్శ పుట్టిందే వాదులాటలో. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో "వివేకవర్ధని" పత్రిక పెట్టారు. కొక్కొండ వేంకటరత్నం పంతులుగారిది "ఆంధ్ర భాషా సంజీవని". ఇద్దరికీ పడేది కాదు. వీరిని వెక్కిరించడానికి వారు "హాస్యవర్ధని" పెడితే, వారికి జవాబుగా వీరు "హాస్యసంజీవని" పెట్టారు. ఎదుటివారి పత్రిక పేరులోని సగం తీసుకుని ఎదుటివారికే అప్పగించారన్న మాట! ఆ ఎత్తిపొడుపుల్లో పొడుపులెన్ని ఉన్నా, తెలుగు వచనానికి చురుకుదనం వచ్చింది. తరువాత 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు "కవిత్వతత్త్వ విచారము" రాశారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని గొప్ప కావ్యమంటూనే, ప్రబంధ కవుల ధోరణిని నిలదీశారు. పెద్దలు కొందరు మండిపడ్డారు. కాని ఆ పుస్తకం వచ్చాక, కావ్యానికి కథ ఎలా నడిచింది, పాత్ర ఎలా నిలిచింది అని అడగడం మనకు అలవాటైంది.

అంత దూరం ఎందుకు? మన ఆఫీసుల్లో ఘంటసాల, బాలు తగవు ఎవరికి గుర్తు లేదు? హరికథా విద్వాంసులు సాంబమూర్తిగారి అబ్బాయి బాలసుబ్రహ్మణ్యం 1966 డిసెంబరులో మొదటి సినిమా పాట పాడాడు. ఆ సినిమా "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" 1967లో వచ్చింది. మన నెల్లూరబ్బాయి కాబట్టి బాగా పాడుతున్నాడని కొందరు. ఘంటసాల తరువాత ఎవరు పాడినా పాట కాదని కొందరు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాలగారు పోయాక ఈ తగవు ఇంకా ముదిరింది. మధ్యాహ్నం టిఫిను క్యారియర్లు విప్పితే చాలు, రెండు పక్షాలు.

మా సెక్షనులో ఒక సీనియరు ఉండేవారు. ఆయన ఈ రెండు వాదాలనూ ఒప్పుకునేవారు కాదు. "మన ఊరివాడన్నది చుట్టరికం, పాటకు గుణం కాదు. ఘంటసాల లేడన్నది దుఃఖం, అదీ పాటకు దోషం కాదు. పల్లవిలో ఏ మాట ఎలా పలికాడో చెప్పండి, అప్పుడు వింటాను" అనేవారు. 1980లో "శంకరాభరణం" వచ్చింది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు ఒక సంగీత విద్వాంసుడి పాత్రకు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. సంగీతం తెలిసిన మా మిత్రుడొకాయన గమకాల్లో సినిమా పోకడ ఉందన్నాడు. సంగీతం తెలియని మరొకాయన, మాట స్పష్టంగా ఉంది గనుక మా అమ్మకు కూడా అర్థమైందన్నాడు. ఎవరి ఆధారం వాళ్ళు చూపించారు. రెండూ నిజమే. ఆ ఇద్దరూ రిటైరయ్యాక కూడా ఒకే బెంచీ మీద కూర్చునేవారు. 2020 సెప్టెంబరులో బాలుగారు పోయినరోజు వాళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నది కూడా ఆ పాత తగవే. ఆధారం చూపించి ఒప్పుకోకపోతే స్నేహం చెడదు. ఆధారం లేకుండా ఎత్తిపొడిస్తే, రాజకీయం మాట్లాడుకున్నా, పెన్షను మాట్లాడుకున్నా చెడుతుంది.

ఇంతకీ ఈ వయసులో ఈ ప్రతిపాదన ఎందుకు తెచ్చానో చెబుతాను. ఇప్పుడు చెప్పిన ఆ సీనియరుగారు చదివిన ప్రతి పుస్తకానికి, విన్న ప్రతి కచేరీకి ఒక నోటుబుక్కులో నాలుగయిదు వాక్యాలు రాసుకునేవారు. తేదీ, పుస్తకం పేరు, నచ్చింది, నచ్చనిది, ఎందుకు. ముప్పై ఏళ్ళపాటు రాశారు. ఆయన పోయాక పిల్లలు దూరదేశాల నుంచి వచ్చి, ఉన్న పదిరోజుల్లో ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. పాత పేపర్లతోపాటు ఆ నోటుబుక్కులూ కాటాకు వెళ్ళిపోయాయి. నేను అడిగేటప్పటికి ఆలస్యమైంది. పిల్లలను తప్పు పట్టను. వాటిలో ఏముందో వాళ్ళకు తెలియదు, మేమూ ఎప్పుడూ చదివించుకుని వినలేదు. మన లెక్కలో ఆర్. డిస్. వేసి రికార్డు గదిలో భద్రపరచవలసిన కాగితం, ఎల్. డిస్. కాగితంలాగా పోయింది.

మనందరి దగ్గరా అటువంటి నోటుబుక్కు ఒకటుంది. కొందరిది కాగితం మీద, ఎక్కువమందిది తలలో. ప్రతి సంవత్సరం ఈ సమావేశం మొదట రెండు నిమిషాలు మౌనం పాటిస్తున్నాం. ఈ ఏడాది ఎన్ని పేర్లు చదివారో విన్నారు. వాళ్ళ సర్వీసు రిజిస్టర్లు ఆఫీసుల్లో ఉంటాయి. వాళ్ళు ఏ పుస్తకాన్ని ఎందుకు ప్రేమించారో ఏ రిజిస్టరులో ఉంటుంది?

ఖర్చు సంగతి కూడా చెబుతాను. పుస్తకాలు కొనడానికి సంఘం నిధి ముట్టుకోనక్కరలేదు. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతోపాటు మనం రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అంటే ఈ పుస్తకాలకు డబ్బు ఎప్పుడో కట్టేశాం. వెళ్ళి తెచ్చుకోవడమే తరువాయి.

నియమాలు మూడు చాలు. చదవని పుస్తకం మీద, పూర్తిగా వినని పాట మీద ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడేవారు కనీసం ఒక చోటు చూపించి, బాగున్నా బాగాలేకపోయినా ఎందుకో చెప్పాలి. చెప్పిన దాని సారాంశం ఒకరు మినిట్సు పుస్తకంలో తేదీవారీగా రాయాలి. చూపు ఆననివారికి పక్కవారు చదివిపెట్టాలి. ఇంట్లోవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను వెంట తీసుకురావాలి. మనం ఆఫీసులో ఉన్న పగళ్ళలో వారపత్రికల సీరియళ్ళు పూర్తిగా చదివింది వాళ్ళే. మన చాలామందికంటె వాళ్ళ నోటుబుక్కు పెద్దది.

మినిట్సు రాసే బాధ్యత, చేయి కదిలినంత కాలం, నేను తీసుకుంటాను. సభ్యులు ఆమోదిస్తే వచ్చే నెల రెండవ ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు మొదటి సమావేశం పెట్టుకుందాం. ఏకీభవించనివారు తప్పక రండి. ఎందుకు ఏకీభవించరో ఆధారంతో చెప్పండి, అదే మొదటి పుటలో రాస్తాను.