కొండదారికి కట్టిన సైకిలు

సైకిలు నెరుగనివారు మనలో లేరు. బాల్యమున గంటకింత అని అద్దెకు తెచ్చుకొని, సీటు అందక, చట్రము నడుమ కాలు దూర్చి త్రొక్కి నేర్చుకొన్న దినములు మనలో పలువురకు జ్ఞాపకముండును. ఆ సైకిలు మన కొలతకు చేసినది కాదు. మనమే దాని కొలతకు ఒదిగితిమి. దర్జీ యొంటి కొలత తీసి చొక్కా కుట్టినట్లు, సైకిలును గూడ మనిషి కొలతకును, అతడు పోవలసిన దారి కొలతకును కట్టవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మెరీన్ మండలములో, టామల్‌పాయిస్ అను కొండ ప్రక్కన లభించినది.

శాన్‌ఫ్రాన్సిస్కో నుండి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరముగా పోయినచో ఈ కొండ కానవచ్చును. కార్చిచ్చు చెలరేగినపుడు మంటలార్పు బండ్లు పోవుటకై దాని చుట్టుప్రక్కల మట్టిదారులు వేసియున్నారు. 1970 దశకమున అక్కడి యువకులు కొందరు, 1930, 1940 ప్రాంతములనాటి లావు టైర్ల పాత సైకిళ్లను చౌకగా కొని, ఆ దారులవెంట దిగుట మొదలిడిరి. 1976 అక్టోబరు 21వ తేదీన ఫెయిర్‌ఫాక్స్ అను ఊరి దాపున వారు పందెము పెట్టుకొనిరి. ఆ దారి సుమారు రెండు మైళ్లలో 1300 అడుగులు దిగును. వెనుకకు త్రొక్కినచో పట్టుకొను బ్రేకు ఆ దిగుడులో కాగిపోయి, ఇరుసులోని గ్రీజు పొగయై పోయెడిది. క్రిందికి చేరగానే మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందుచేతనే ఆ పందెపు దారికి ‘రీపాక్’ అను పేరు వచ్చినది.

పాత చట్రములు ఈ దెబ్బలకు ఎంతకాలము ఓర్చును? అవి వంగినవి, విరిగినవి. అంతట చార్లీ కెల్లీ అను నాతడు, చట్రములు కట్టుట తెలిసిన తన మిత్రుడు జో బ్రీజ్‌ను, కొండకే పనికివచ్చు క్రొత్త సైకిలును చేయుమని కోరెను. 1977లో బ్రీజ్ క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఉక్కు గొట్టములతో దానిని కట్టెను. ఆ మొదటి సైకిలు నేడు స్మిత్‌సోనియన్ సంస్థవారి అమెరికా చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది. 1979లో టామ్ రిచీ కట్టిన చట్రములను గారీ ఫిషర్, కెల్లీ కలిసి ‘మౌంటెన్ బైక్స్’ అను పేరిట అమ్మనారంభించిరి. ఆ పేరే పిమ్మట ఈ జాతి సైకిళ్లన్నిటికిని నిలిచిపోయినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకు స్థానము లభించినది.

నేడు ఇట్టి సైకిళ్లు కార్మికశాలలలో లక్షలుగా తయారగుచున్నవి. అయినను ఒక్కొక్కరి కొలతకు కట్టి యిచ్చు పనివారు ఇంకను కలరు. అట్టివాని యొద్దకు పోయినచో అతడు మొదట మన కాలి పొడవు, మొండెము పొడవు, చేతుల చాపు కొలుచును. తరువాత, “మీరు తిరుగు దారి యెట్టిది?” అని యడుగును. అసలు కీలకమంతయు ఈ రెండవ ప్రశ్నలోనే యున్నది. ముందు చక్రమును పట్టు గొట్టమును ఎక్కువ ఏటవాలుగా నిలిపినచో చక్రము ముందుకు జరిగి, నిట్రమైన దిగుడులో బండి నిలకడగా నుండును. కాని ఎక్కుడులో ఆ చక్రమే అటునిటు తడబడును. పెడళ్ల ఇరుసును క్రిందికి దింపినచో బండి కుదురుగా నుండును; కాని రాళ్లలో పెడలు తగులును. ఒక లాభమునకు ఒక నష్టము ముడిపడియే యుండును. కొలిచి, తూచి, ఈ మనిషికి ఈ కొండపై ఏది మేలో నిర్ణయించుటయే ఆ పనివాని విద్య.

అట్టి బండి నెక్కిన పిమ్మట నేర్వవలసినది మన వంతు. ఎక్కునపుడు సీటు ముందంచునకు జరిగి, మొండెము వంచవలెను. లేనిచో ముందు చక్రము నేల విడుచును. మరీ ముందుకు వ్రాలితిమా, వెనుక చక్రము పట్టు తప్పి జారును. దిగునపుడు రెండు పెడళ్లను సమముగా నిలిపి, సీటుపైనుండి లేచి, నడుమును వెనుకకు జరిపి, మోచేతులను సడలించి పట్టవలెను. చూపు దాటవలసిన రాతిపై గాక, దానికి ఆవలి దారిపై నుండవలెను. చూపు ఎక్కడ నిలుచునో బండి అక్కడికే పోవును. మన కొలతకు కుదిరిన సైకిలుపై ఇవన్నియు తెలియకయే జరిగిపోవును. ఇది వేరొక వస్తువు అను భావమే తొలగిపోవును.

కాని ప్రమాదము కూడ అక్కడనే పొంచియున్నది. ఎదుటిది కానరాని మలుపు వచ్చినది. ఆవల ఒక వృద్ధుడు చేతికఱ్ఱతో నడచి వచ్చుచుండవచ్చును. గుఱ్ఱముపై ఒక బాలిక వచ్చుచుండవచ్చును. చప్పుడు లేక దూసుకొనివచ్చు చక్రమును చూచి గుఱ్ఱము బెదరినచో ఆ బాలిక గతి యేమి? టామల్‌పాయిస్ కొండపై ఈ తగవు 1980 దశకమున ముదిరినది. సైకిళ్లు కొండకే పుట్టినవని కొందరు, కాలినడకవారి శాంతిని అవి చెరచినవని కొందరు వాదించిరి. తుదకు అక్కడి నీటి పరీవాహక భూములలో సైకిళ్లకు గంటకు 15 మైళ్లు, కానరాని మలుపులయొద్ద 5 మైళ్లు మాత్రమే వేగమని నియమించిరి. సన్నని కాలిబాటలు పెక్కింటిపై సైకిళ్లనే నిషేధించిరి. ఏ కొండకొఱకు ఈ సైకిలు పుట్టినదో, ఆ కొండయే దానికి చాలవరకు తలుపు మూసినదన్నమాట!

ఇది అన్యాయమని సైకిలువారికి తోచుట సహజమే. కాని ఒక్క సంగతి విచారింపుడు. పనివాడు మన చేయి కొలిచెను, కాలు కొలిచెను, దారి యొక్క వాలును కూడ లెక్కలోనికి తీసికొనెను. ఆ దారిలో ఎదురుపడు మనిషిని మాత్రము అతడు కొలువలేదు. ఆ కొలత ఏ చట్రములోను ఇమడదు. అది ఎక్కినవాని చేతిలో, బ్రేకు పిడిపై నున్న రెండు వ్రేళ్లలో నుండవలెను. మలుపునకు ముందే వేగము తగ్గించి, గంట మ్రోగించి, నడచువానికి దారి విడిచి, గుఱ్ఱము కనబడినచో దిగి నిలుచువాడు ఒక్కడు చాలును; పదిమందికి ఆ దారి తెరచియుండుటకు అతడు కారణమగును. ఒక్కడు దూసుకొనిపోయినచో ఆ పదిమందికిని అది మూతపడును.

మన కొలతకు కట్టిన సైకిలు దొరకుట అదృష్టమే. మన వేగమును ఇతరుల కొలతకు తగ్గించుకొనుట మాత్రము అభ్యాసమువలన రావలసినది. ఈ రెండవది లేనిచో మొదటిది యెంత చక్కగా కుదిరినను, దానిని తిప్పుటకు కొండ మిగులదు.